ఆరు నెలల సుల్తాన్: గోల్కొండ గద్దె మీద సుభాన్ కులీ ఎందుకు నిలవలేకపోయాడు?

క్లుప్తంగా: 1550 జనవరిలో తండ్రి జంషీద్ కులీ చనిపోవడంతో గోల్కొండకు సుల్తాన్ అయిన సుభాన్ కులీ, అదే ఏడాది జూలైలో గద్దె కోల్పోయాడు. వయసు చిన్నది కావడమే కారణమని మామూలుగా చెబుతారు. అసలు కారణం అంతకంటే లోతైనది. 1543లో జరిగిన తాత హత్యతో వారసత్వ క్రమం చెడిపోయింది. గద్దెపై హక్కున్న ఇద్దరు చిన్నాన్నలు బతికే ఉన్నారు. కోటల కాపలా చేతిలో ఉన్న తెలుగు నాయక్వాడీలు మాత్రం పసి సుల్తాన్ వైపు లేరు. ఈ మూడూ ఒక్కసారి కలిసిరావడమే అతని పాలనను ఆరు నెలలకు ముగించింది.

ఏడుగురా, ఎనిమిది మందా?

గోల్కొండను ఏలిన కుతుబ్ షాహీ సుల్తాన్లు ఎంతమంది అని అడిగితే కొన్ని చోట్ల ఏడుగురని, కొన్ని చోట్ల ఎనిమిది మందని కనిపిస్తుంది. పోటీ పరీక్షలకు చదివేవారిని ఈ తేడా తరచూ ఇబ్బంది పెడుతుంది. తేడా అంతా ఒక్క పేరు దగ్గరే ఉంది. సుల్తాన్ కులీ, జంషీద్, సుభాన్, ఇబ్రహీం, ముహమ్మద్ కులీ, సుల్తాన్ ముహమ్మద్, అబ్దుల్లా, అబుల్ హసన్ తానీషా. ఇది ఎనిమిది మంది వరుస. వీరిలో సుభాన్‌ను వదిలేస్తే ఏడవుతుంది. అతను స్వయంగా పాలించలేదు కాబట్టి లెక్కలోకి రాడని కొందరి వాదన. కానీ తండ్రి తర్వాత పట్టం కట్టింది అతనికే, ఆ ఆరు నెలలూ రాజ్యం నడిచింది అతని పేరు మీదే. కాబట్టి ఎనిమిది అనడమే సరైనది.

హైదరాబాద్‌లోని కుతుబ్ షాహీ సమాధుల ప్రాంగణాన్ని ఏళ్ల తరబడి పునరుద్ధరించి 2024 జూలైలో తిరిగి ప్రారంభించారు. అక్కడికి వెళ్లినవారికి వంశ స్థాపకుడి సమాధికి, జంషీద్ సమాధికి మధ్యలో ఒక చిన్న సమాధి కనిపిస్తుంది. దాని మీద పేరు చెప్పే శాసనం లేదు. అది సుభాన్‌ది. జనం తాతను 'బడే మాలిక్' అని, మనవడిని 'ఛోటే మాలిక్' అని పిలుచుకున్నారు. ఆ పిల్లవాడు ఎవరో, అతనికి ఏం జరిగిందో తెలియాలంటే అతని పట్టాభిషేకానికి ఏడేళ్లు వెనక్కి వెళ్లాలి.

చిక్కుముడి పడింది 1543లో

వంశ స్థాపకుడు సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి దక్కన్‌కు వచ్చాడు. బహమనీల కొలువులో ఎదిగి తెలంగాణ ప్రాంతానికి అధిపతి అయ్యాడు. బహమనీ రాజ్యం ముక్కలైనప్పుడు గోల్కొండను సొంత రాజ్యంగా నిలబెట్టుకున్నాడు. చాలా దీర్ఘకాలం బతికాడు. చనిపోయేనాటికి తొంభై దాటాయని ఆనాటి చరిత్రలు చెబుతాయి.

ఇంత ఆయుష్షు రాజ్యానికి మేలు చేసినా కొడుకులకు పరీక్షగా మారింది. వాళ్లు నడివయసుకు వచ్చినా తండ్రి గద్దె దిగలేదు. పెద్ద కొడుకు హైదర్ ఖాన్ తండ్రి ఉండగానే పోయాడు. అబ్దుల్ కరీం తిరగబడి బీజాపూర్‌కు వెళ్లిపోయి అక్కడే చనిపోయాడు. కుతుబుద్దీన్‌ను తండ్రి వారసుడిగా ఎంచుకున్నాడు. కుట్ర చేశాడన్న నేరం మీద జంషీద్‌ను ఖైదు చేశాడు. 1543 సెప్టెంబరు 2న గోల్కొండ కోటలోని జామీ మసీదులో ముసలి సుల్తాన్‌ను నరికి చంపారు. వెనక ఉన్నది జంషీద్, కత్తి దూసింది కోట అధికారి మీర్ మహమూద్ హమదానీ అన్నది చరిత్రకారులు సాధారణంగా అంగీకరించే విషయం.

ఆ వెంటనే కుతుబుద్దీన్ కళ్లు తీయించారు. ఇది కోపంతో చేసిన పని అనుకుంటే పొరపాటు, దాని వెనక లెక్క ఉంది. చూపు లేనివాడు సుల్తాన్‌గా ఉండటానికి అర్హుడు కాడని అప్పటి దర్బారుల నమ్మకం. అన్నను చంపితే పగ మిగులుతుంది, పక్షం మిగులుతుంది. చూపు తీసేస్తే అతనిని ముందు పెట్టుకుని పోరాడటానికి ఎవరూ రారు. దక్కన్ చరిత్రలో ఈ పద్ధతి పదేపదే కనిపించడానికి కారణం ఇదే.

ఇంకో ఇద్దరు తమ్ముళ్లు మిగిలారు. మతిస్థిమితం లేనివాడని పేరుబడిన దౌలత్ కులీని భువనగిరి కోటలో బంధించారు. అందరికంటే చిన్నవాడైన ఇబ్రహీం అప్పుడు దేవరకొండలో ఉన్నాడు. వార్త తెలియగానే బీదర్‌కు పారిపోయాడు. అక్కడ బరీద్ షాహీ పాలకుడి ఆశ్రయం ఎక్కువ కాలం పనికిరాలేదు. చివరికి విజయనగరం చేరి అళియ రామరాయల అండన ఏడేళ్లు గడిపాడు.

ఈ వివరాలు సుభాన్ కథకు దూరంగా ఉన్నట్టు అనిపించవచ్చు. నిజానికి అతని భవిష్యత్తు అక్కడే తేలిపోయింది. తండ్రిని చంపించి గద్దెక్కిన జంషీద్ తన కొడుక్కి ఇవ్వలేకపోయినది ఒకటి ఉంది. 'తండ్రి తర్వాత కొడుకు' అనే మాట మీద జనానికి, సర్దారులకు నమ్మకం. ఆ మాటను ముందు చెరిపేసింది అతనే.

జంషీద్ మిగిల్చిన పరిస్థితి

జంషీద్ ఏడేళ్లు పాలించాడు. పొరుగు సుల్తాన్ల తగాదాల్లో ఒకరి పక్కన చేరి ఇంకొకరిని అదుపు చేస్తూ రాజ్యం కోల్పోకుండా నెట్టుకొచ్చాడు. కాని చివరి రోజుల్లో నయంకాని జబ్బు పట్టుకుంది. 1550 జనవరి 22న చనిపోయాడు. అప్పటికి కొడుకు సుభాన్‌కు ఏడేళ్లని ఎక్కువగా రాస్తారు. ఇంకా చిన్నవాడనే కథనమూ ఉంది.

వారసత్వం అంటే ఈ రోజు మనకు తోచే అర్థం వేరు. పెద్ద కొడుక్కే రాజ్యం అన్న కచ్చితమైన నియమం దక్కన్ సుల్తానుల్లో లేదు. మధ్య ఆసియా నుంచి, ఇరాన్ నుంచి వచ్చిన వంశాల్లో రాజ్యం కుటుంబానికంతటికీ చెందినదనే భావన బలంగా ఉండేది. అంటే కొడుకులు, తమ్ముళ్లు, మనవలు అందరికీ హక్కు ఉన్నట్టే. చివరికి ఎవరు సుల్తాన్ అన్నది నాలుగు విషయాలు తేల్చేవి: రాజధాని కోట, ఖజానా, సర్దారుల మాట, సైన్యం. అలాంటి చోట పెద్దవాడైన చిన్నాన్న ఉండగా చిన్నపిల్లవాడికి పట్టం కట్టడం అంటే ఆ నాలుగింటినీ అతని తరఫున ఎవరో ఒకరు గట్టిగా పట్టుకుని ఉండాలి.

రాజమాత, పేష్వా

సుభాన్ తల్లి పేరు బిల్కీస్ జమాన్ అని చరిత్రల్లో ఉంది. కొడుకు గద్దె నిలవాలంటే బలమైన మనిషి కావాలని ఆమెకు, ఆమెకు సలహా ఇచ్చిన సర్దారులకు తెలుసు. అహ్మద్‌నగర్‌లో ఉన్న సైఫ్ ఖాన్‌ను పిలిపించారు. ఐనుల్ ముల్క్ అన్నది ఇతని బిరుదు. పేష్వాగా పాలనంతా అతని చేతికి ఇచ్చారు. గోల్కొండలో పేష్వా అంటే ప్రధానమంత్రి అని అర్థం. తర్వాతి కాలపు మరాఠా పేష్వాలతో దీన్ని కలపకూడదు.

ఆ పరిస్థితుల్లో ఇది సహజమైన నిర్ణయమే. గోల్కొండలోనే ఉన్న సర్దారుల్లో ఒకరిని పేష్వా చేస్తే మిగతావారు ఊరుకోరు. బయటివాడైతే ఏ పక్షానికీ చెందడు. అయితే ఆ లాభమే నష్టం కూడా అయింది. సైఫ్ ఖాన్‌కు తన సొంత బలగం ఉంది కానీ ఇక్కడి కోటలతో, ఇక్కడి దళాలతో పాత అనుబంధం లేదు. కొద్ది నెలల్లోనే అతని పెత్తనం పెరిగింది. పిల్లవాడిని అడ్డుపెట్టుకుని తానే రాజ్యం కాజేస్తాడేమో అన్న అనుమానం సర్దారుల్లో పుట్టింది. పసివాడి పేరు మీద నడిచే పాలనకు ఎప్పుడూ ఉండే బలహీనత ఇది. సుల్తాన్ పెద్దవాడైతే కోపం వచ్చినా రాజీ పడవచ్చు, ఎందుకంటే అతని తర్వాత అతని కొడుకు ఉంటాడు. పేష్వా మీద కోపం వస్తే మాత్రం రాజును మార్చడం తప్ప వేరే దారి కనిపించదు.

కోట తాళాలు ఎవరి చేతిలో?

కథలో అసలు మలుపు ఇక్కడుంది. దర్బారు చరిత్రలు ఎక్కువగా పెద్ద పెద్ద బిరుదుల సర్దారుల గురించే చెబుతాయి. కాని గోల్కొండ రాజ్యాన్ని రోజూ కాపలా కాసింది నాయక్వాడీలు. వీళ్లు ఎక్కువగా స్థానిక తెలుగు యోధులు, హిందువులు. కొండకోటల కాపలా, కాల్బలం వీళ్ల పని. తెలంగాణలో కొండకో కోట ఉన్న నేల ఇది. గుర్రపు దళం యుద్ధభూమిలో గెలిపించవచ్చు, కోట లోపలి నుంచి తలుపు తీసేవాడు మాత్రం నాయక్వాడీయే. వీళ్లకు అప్పుడు నాయకుడు జగదేవరావు.

జగదేవరావు మొదట ఎంచుకున్నది ఇబ్రహీంను కాదు. భువనగిరిలో బందీగా ఉన్న దౌలత్ కులీని బయటకు తెచ్చి సుల్తాన్‌ను చేయాలనుకున్నాడు. ఒకే రాయిగా నిలిచిన ఆ గుట్ట మీది కోట అతని వశమైంది. ఈ ఎంపికలో అతని ఆలోచన తెలుస్తోంది. మతిస్థిమితం లేదన్న పేరున్న సుల్తాన్ ఉంటే రాజ్యం నడిపేది తానే. అంటే సైఫ్ ఖాన్ రాజధానిలో చేస్తున్న పనినే జగదేవరావు భువనగిరి నుంచి చేయబోయాడు. ఒకరికి పసివాడు, ఇంకొకరికి బందీ. ఇద్దరికీ కావలసింది ఎదురు చెప్పని రాజు.

సైఫ్ ఖాన్ సైన్యంతో వెళ్లి ఈ ప్రయత్నాన్ని అణిచివేశాడు. జగదేవరావు పట్టుబడ్డాడు. అతన్ని తెచ్చి గోల్కొండ కోటలో ఖైదు చేశారు. పైకి ఇది పేష్వా విజయం. కాని నాయక్వాడీల నాయకుడిని నాయక్వాడీలే కాపలా కాస్తున్న కోటలో పెట్టడం ఎంత ప్రమాదమో తర్వాత తెలిసింది.

దౌలత్ కులీ పథకం విఫలం కావడంతో ఒక విషయం స్పష్టమైంది. పేష్వాను దింపాలంటే బందీ సరిపోడు, తన కాళ్ల మీద నిలబడగల రాజకుమారుడు కావాలి. అలాంటివాడు ఒక్కడే ఉన్నాడు. అతనున్నది తుంగభద్ర ఒడ్డున.

విజయనగరం నుంచి వచ్చిన చిన్నాన్న

పారిపోయిన రాజకుమారుడు అప్పటి రాజకీయాల్లో చాలా విలువైన మనిషి. అతన్ని ఆదరిస్తే పెద్దగా ఖర్చు లేదు. రేపు అతను రాజైతే పొరుగున ఒక మిత్రుడు దొరుకుతాడు. కాకపోయినా, అతన్ని చూపి పొరుగు రాజును ఎప్పుడూ టెన్షన్‌లో ఉంచవచ్చు. రామరాయలు ఇబ్రహీంకు జాగీరు ఇచ్చి గౌరవంగా ఉంచుకోవడంలో ఆదరం ఉంది, ఈ లెక్కా ఉంది. ఇబ్రహీంకు ఆ ఏడేళ్లలో దొరికింది ఆశ్రయం మాత్రమే కాదు. తెలుగు మాట్లాడే సర్దారులు, కవులు, సైనికాధికారుల మధ్య గడిపాడు. తర్వాత తెలుగు కవులు అతన్ని 'మల్కిభరాముడు' అని ప్రేమగా పిలిచిన పరిచయానికి పునాది అక్కడే పడింది.

గోల్కొండ నుంచి పిలుపు అందాక రామరాయలు సైన్యాన్ని తోడు పంపుతానన్నాడు. ఇబ్రహీం వద్దన్నాడు. ఇది తెలివైన నిర్ణయం. విజయనగర సైన్యంతో వచ్చి గద్దెక్కితే గోల్కొండ సర్దారులకు అతను పరాయి రాజు పెట్టిన మనిషిలా కనిపించేవాడు. తన కొద్దిమంది మనుషులతోనే ఉత్తరానికి బయలుదేరాడు. దారిలో ముస్తఫా ఖాన్ వంటి సర్దారులు వచ్చి కలిశారు. ముస్తఫా ఖాన్‌కు మీర్ జుమ్లా, అంటే ఆర్థిక మంత్రి పదవి దక్కింది. దర్బారులోని ఒక పెద్ద వర్గం ఇటువైపు వచ్చేసిందన్న సంకేతం అది.

కాని సర్దారులు రావడం ఒక ఎత్తు, కోయిలకొండ ఒక ఎత్తు. ఈనాటి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న ఆ కొండకోట నాయక్వాడీలు ఇబ్రహీంకు కట్టుబడి ఉంటామని ప్రమాణం చేశారు. 1550 నాటి ఆ విధేయత ప్రమాణం తెలుగులో శాసనంగా చెక్కి ఉండటం గమనించాలి. ఫార్సీ రాజభాషగా ఉన్న రాజ్యంలో ఒక సుల్తాన్ గద్దెక్కే ఒప్పందం తెలుగు మాటల్లో రాతికెక్కింది. సుల్తాన్‌కు ఎవరి మాట ఎక్కువ కావలసివచ్చిందో చెప్పడానికి ఇంతకంటే బలమైన ఆధారం అక్కర్లేదు.

ఆ తర్వాత పనులు వేగంగా జరిగాయి. గోల్కొండ కోటలోని నాయక్వాడీలు జగదేవరావును విడిపించి కోటను తమ అధీనంలోకి తీసుకున్నారు. రాజధాని కోట చేజారాక సైఫ్ ఖాన్ చేయగలిగింది ఏమీ మిగలలేదు. తన మనుషులతో బీదర్ వైపు వెళ్లిపోయాడు. 1550 జూలై 27న ఇబ్రహీం కుతుబ్ షా సుల్తాన్ అయ్యాడు. సుభాన్ పేరు మీద నడిచిన పాలన అంతటితో ముగిసింది. గద్దె కోసం ఇన్ని కోటల మధ్య ఇంత గొడవ జరిగినా, గోల్కొండ నగరం ముట్టడి పాలు కాలేదు.

ఇదే ఆట, వేరే రాజ్యాలు

ఇది గోల్కొండకే ప్రత్యేకమా? కాదు. గుల్బర్గాలో 1397 ఒక్క ఏడాదిలోనే బహమనీ గద్దె మీద నలుగురు కనిపిస్తారు. రెండో ముహమ్మద్ షా చనిపోయాక కొడుకు గియాసుద్దీన్ గద్దెక్కాడు. రెండు నెలలు తిరగకముందే తగల్‌చిన్ అనే తుర్కీ బానిస సర్దారు అతని కళ్లు తీయించి, షంసుద్దీన్‌ను కూర్చోబెట్టాడు. నవంబరులో ఫిరోజ్ షా అతన్నీ దింపి తాను సుల్తాన్ అయ్యాడు. బీజాపూర్‌లో 1534లో గద్దెక్కిన మల్లూ ఆదిల్ షా ఏడాది నిండకుండానే పదవి, చూపు రెండూ కోల్పోయాడు. అతన్ని దింపడానికి చేయి కలిపినవారిలో సొంత నానమ్మ కూడా ఉంది.

దీన్ని సుల్తానుల దర్బారుల లక్షణంగా చెప్పేవారు మరో ఉదాహరణ చూడాలి. 1542లో విజయనగరంలో అచ్యుతదేవరాయలు చనిపోయాక అతని పసి కొడుకు వేంకటుడికి పట్టం కట్టారు. మేనమామ సలకరాజు తిరుమలుడు ఆ పిల్లవాడిని చంపించి అధికారం లాక్కున్నాడు. రామరాయలు అతన్ని ఓడించి సదాశివరాయలను సింహాసనం మీద కూర్చోబెట్టి, పాలన తన చేతిలో పెట్టుకున్నాడు. ఇబ్రహీం విజయనగరం చేరింది ఈ రక్తపాతం జరిగిన కొద్ది కాలానికే. పసి రాజు, పెత్తనం చేసే బంధువు, బయటి నుంచి వచ్చి గెలిచే మూడో మనిషి. మతం వేరు, భాష వేరు, ఆట మాత్రం ఒకటే.

మరి వయసే కారణమా? గోల్కొండలోనే దీనికి జవాబు ఉంది. 1626లో అబ్దుల్లా కుతుబ్ షా సుల్తాన్ అయ్యేనాటికి అతనికి పన్నెండేళ్లు. అతను 1672 వరకు, అంటే 46 ఏళ్లు గద్దె మీద ఉన్నాడు. తేడా ఎక్కడుంది? అతని తల్లి హయాత్ బక్షీ బేగం ఒక సుల్తాన్ కూతురు, ఇంకో సుల్తాన్ భార్య. దర్బారులో ఆమె మాటకు దశాబ్దాల బలం ఉంది. ఆమె కొడుకు కోసం పక్క రాజ్యం నుంచి కొత్త పేష్వాను తెచ్చుకోవలసిన అవసరం రాలేదు. వంశంలో గద్దె మార్పు అప్పటికి 1580లో, 1612లో పెద్ద గొడవ లేకుండా జరిగి ఒక అలవాటుగా స్థిరపడింది. సుభాన్‌కు ముందు జరిగిన గద్దె మార్పు మసీదులో హత్యతో జరిగింది. చిన్న వయసు ప్రమాదకరమే. కాని ఆ ప్రమాదం ప్రాణాంతకం కావడానికి చుట్టూ ఉన్న ఏర్పాట్లు కూలిపోయి ఉండాలి.

ఆరు నెలల ప్రభావం ముప్పై ఏళ్లపాటు

ఇబ్రహీం 1580 వరకు పాలించాడు. అతని పాలనలో తెలుగుకు దక్కిన ఆదరణ అందరికీ తెలిసిందే. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' అంకితం ఇచ్చింది ఇతనికే. పొన్నెగంటి తెలగనార్యుడు 'యయాతి చరిత్ర'ను ఆ రాజ్యపు అధికారి అమీన్ ఖాన్‌కు అంకితమిచ్చాడు. దీన్ని ఒక రాజు ఉదారత అని మాత్రమే చెప్పి వదిలేస్తే సగం విషయమే చెప్పినట్టు. తెలుగు యోధుల ప్రమాణం మీద గద్దెక్కినవాడు తెలుగువారిని కలుపుకోకుండా రాజ్యం నడపలేడు. ఇష్టం, అవసరం రెండూ కలిసి ఉన్నాయి.

అదే అవసరం అనుమానంగానూ మారింది. ఒకరిని గద్దెక్కించగలిగినవాడు దించగలడు కూడా. జగదేవరావు పలుకుబడి పెరిగిన కొద్దీ సుల్తాన్‌కు అతనికి మధ్య దూరం పెరిగింది. అతను తిరగబడి బీరార్‌కు, అక్కడి నుంచి విజయనగరానికి వెళ్లిపోయాడు. 1550లో ఇబ్రహీం వచ్చిన దారికి ఇది అచ్చంగా ఎదురు ప్రయాణం. ఆశ్రయం ఇచ్చింది మళ్లీ రామరాయలే. నాయక్వాడీల మీద గోల్కొండ నిఘా ఆ తర్వాత బిగిసింది.

రామరాయలతో స్నేహం కూడా నిలవలేదు. సుల్తానుల తగాదాల్లో రామరాయలు ఒక్కొక్కరినీ ఒత్తుతూ వచ్చాడు. గోల్కొండ నుంచి పానగల్లు, కోయిలకొండ వంటి కోటలను అప్పగించమన్నాడు. ఒకప్పుడు తనకు ప్రమాణం చేసిన కోటను తనకు అన్నం పెట్టిన చేతికే ఇబ్రహీం వదులుకోవలసి వచ్చింది. 1565 జనవరిలో విజయనగరంతో తలపడిన దక్కన్ సుల్తానుల కూటమిలో గోల్కొండ సైన్యం కూడా ఉంది.